కొయ్యూరు కుర్రాడి పరుగు ఎవరికి కావాలి?

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు హైస్కూలుకి వచ్చారంటే వీకెండ్ కబుర్లు మారిపోతాయి. ఒకప్పుడు స్పెల్లింగ్ బీ, ఆ తర్వాత శాట్ స్కోరు, రోబోటిక్స్. ఈమధ్య వాటి పక్కన ఇంకో మాట చేరింది, క్రాస్ కంట్రీ. "మావాడు ఐదు కిలోమీటర్లు పదహారున్నర నిమిషాల్లో కొట్టాడండీ, కాలేజీ కోచ్‌లకి మెయిల్ పెట్టొచ్చంటారా?" అని అడిగినవాళ్ళు నాకే ముగ్గురు తగిలారు. పెట్టొచ్చు, అదెలాగో కిందన చెప్తాను. కానీ ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నా బుర్ర ఇంకోవైపు పోతుంది.

మాది నర్సీపట్నం. అక్కణ్ణించి కృష్ణదేవిపేట మీదుగా కొండల్లోకి పోతే కొయ్యూరు. ఒకప్పుడు విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇదే ప్రశ్న కొయ్యూరు ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి చదివే గిరిజన కుర్రాడు అడిగితే? "సార్, నేను మూడు కిలోమీటర్లు బాగా పరిగెడతాను, నన్ను ఏ కాలేజీ తీసుకుంటుంది?" అంటే మనమేం చెప్తాం? ఎవరికి మెయిల్ పెట్టమంటాం?

దీనికి జవాబు కోసం పాత సంగతులు తవ్వుకుంటూ పోతే నాకు తోచిందేమిటంటే, దూరం పరిగెత్తగలిగే మనిషిని వెతుక్కుంటూ ముందు ఎవరొచ్చారన్నదాని మీదే ఆ మనిషి తర్వాతి జీవితం ఆధారపడింది. అమెరికాలో కాలేజీ వచ్చింది. మన దగ్గర పటాలం వచ్చింది.

కొయ్యూరు పేరు చరిత్ర పాఠంలో చదివినవాళ్ళమే అందరం. 1924 మే 7న సీతారామరాజుని మంప దగ్గర పట్టుకుని కొయ్యూరు తీసుకొచ్చారు. మేజర్ గుడాల్ చేతిలో అక్కడే ఆయన ప్రాణం పోయింది. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఇదంతా తెలిసిందే. తెలిసినా పట్టించుకోనిది కాళ్ళ సంగతి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. ఓసారి మ్యాప్ తెరిచి, శాటిలైట్ వ్యూ పెట్టి ఆ మూడు ఊళ్ళ మధ్య ఏముందో చూడండి. ఘాట్లు, వాగులు, వానాకాలపు అడవి. ఎత్తుకొచ్చిన తుపాకులు భుజాన వేసుకుని నడిచారు వాళ్ళు. ఆ దారుల్లో రోడ్డు వేయించడానికి గూడెం తహసీల్దారు బాస్టియన్ పెట్టిన వెట్టి చాకిరీయే తిరుగుబాటుకి ఒక ముఖ్య కారణం. అంటే కొండవాళ్ళ కాళ్ళూ చేతులూ సర్కారుకి అప్పటికే కావాలి, కూలికి సరిగ్గా డబ్బులివ్వకుండా.

మైదానం పోలీసుల వల్ల కాక 1922లోనే మలబార్ స్పెషల్ పోలీసుల్ని దింపారు. అదీ చాలక 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్‌ని తెప్పించారు. గూర్ఖాలు, ఈశాన్యపు కొండజాతుల వాళ్ళు ఉన్న దళం అది. ఇక్కడి కొండలు ఎక్కేవాళ్ళని పట్టుకోవడానికి దేశానికి ఇంకో మూల నుంచి కొండలు ఎక్కేవాళ్ళని తెచ్చారన్నమాట! సర్కారు దృష్టిలో కొండ మనిషి గుండెకీ ఊపిరితిత్తులకీ ఉన్న ఉపయోగం అదొక్కటే.

అదే 1924 వేసవిలో పారిస్‌లో ఒలింపిక్స్ జరిగాయి. మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్య కళాశాల పెట్టిన హ్యారీ క్రో బక్ భారత జట్టు వెంట పారిస్ వెళ్ళాడు. ఆ జట్టులో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి హర్డిల్స్ పరిగెత్తిన సి.కె. లక్ష్మణన్ ఉన్నాడు. కణ్ణూరు మనిషి, వైద్యం చదివాడు, తర్వాత కేంద్రంలో ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ దాకా ఎదిగాడు. కొయ్యూరు కూడా ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఒకే ప్రెసిడెన్సీ, ఒకే సంవత్సరం. కాలేజీలో చదివేవాడికి పరుగు ఒక అదనపు గౌరవం. అడవిలో ఉన్నవాడికి అదే పరుగు ప్రాణం కాపాడుకునే పద్ధతి. ఈ రెంటికీ మధ్య వంతెన వేద్దామని అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

ఎవరికీ అంటే పూర్తిగా నిజం కాదులెండి. దొరాబ్జీ టాటాకి తట్టింది. పుణెలో డెక్కన్ జింఖానా పోటీల్లో పల్లెటూరి రైతులు చెప్పుల్లేకుండా పరిగెత్తడం చూసి, వాళ్ళ టైమింగులు యూరప్ వాళ్ళకి మరీ దూరంగా లేవని గమనించాడాయన. తన పలుకుబడీ, డబ్బూ పెట్టి 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌కి చిన్న జట్టుని పంపించాడు. అందులో బెల్గాం వైపు ఫడెప్ప చౌగులే మారథాన్‌లో 19వ స్థానంలో వచ్చాడు. మంచి ప్రదర్శనే. కానీ అలాంటి రైతుబిడ్డని తీసుకుని నాలుగేళ్ళు చదివించి, పరిగెత్తించే కాలేజీ ఏదీ లేదు.

ఇక అమెరికా సంగతి. అక్కడ కాలేజీల మధ్య మొదటి పోటీ 1852లో హార్వర్డ్, యేల్ మధ్య జరిగిన పడవ పందెం. దాని ఖర్చు ఎవరు పెట్టుకున్నారో తెలుసా? ఒక రైల్వే కంపెనీ. జనం పందెం చూడ్డానికి రైలెక్కి వస్తారని. అంచేత కాలేజీ ఆటల్లో డబ్బు వాసన మొదటి రోజు నుంచే ఉంది, తర్వాత ఎవరో వచ్చి పాడుచేసిందేమీ కాదు. ఆటల్ని అదుపులో పెట్టడానికి ఎన్‌సీఏఏ అనే సంస్థ 1906లో పుట్టింది. ఆటగాడికి ఆట చూసే ఫీజు, వసతి, భోజనం ఇవ్వొచ్చని ఆ సంస్థ పూర్తిగా ఒప్పుకున్నది 1956లో. 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చాక ఆడపిల్లలకీ అదే వాటా ఇవ్వాల్సి వచ్చింది.

ఒకసారి కాలేజీ చేతిలో స్కాలర్‌షిప్ ఉన్నాక, కోచ్‌లు ఊరుకుంటారా? ప్రపంచమంతా తిరిగారు. ఫిలడెల్ఫియా దగ్గర విల్లనోవా కాలేజీ కోచ్ జంబో ఇలియట్ ఐర్లండ్ నుంచి పిల్లల్ని తెచ్చుకున్నాడు. వాళ్ళలో రాన్ డెలనీ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల బంగారు పతకం కొట్టాడు. 1970ల్లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ కోచ్ జాన్ చాప్లిన్ కెన్యా వైపు చూశాడు. అలా వచ్చిన హెన్రీ రోనో 1978లో 81 రోజుల్లో నాలుగు ప్రపంచ రికార్డులు బద్దలుకొట్టాడు. 5000, స్టీపుల్‌చేజ్, 10000, 3000. అప్పటికి ఇంకా కాలేజీ కుర్రాడే!

రోనో కథ అక్కడితో ఆపేస్తే బావుంటుంది గానీ ఆపకూడదు. కెన్యా బహిష్కరించడం వల్ల 1976, 1980 రెండు ఒలింపిక్సూ పోయాయి. తర్వాత తాగుడు, చేతిలో డబ్బు లేకపోవడం, నిలువ నీడ లేకపోవడం. 2024 ఫిబ్రవరిలో నైరోబీలో చనిపోయాడు. కాలేజీ ఎంపిక చేసుకున్నంత మాత్రాన మనిషి గట్టెక్కుతాడని కాదు. కాకపోతే వేలాది మైళ్ళ అవతల ఒక కొండ కుర్రాడి కోసం ఒక యూనివర్సిటీలో సీటు, పుస్తకాలు, మంచం ఖాళీగా ఉన్నాయి. నేను మాట్లాడుతున్నది ఆ ఖాళీ మంచం గురించి.

ఇప్పుడు డల్లాస్ తండ్రిగారి ప్రశ్నకి జవాబు. దూరపు పరుగులో రిక్రూటింగ్ మన సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల కంటే నిజాయితీగా ఉంటుంది. ఎందుకంటే అడిగేది ఒకటే, టైమెంత? ఫుట్‌బాల్‌కిలాగా ఏజెంట్లూ, వీడియోలూ అక్కర్లేదు. పిల్లో పిల్లాడో సొంతంగా కోచ్‌కి మెయిల్ రాయాలి. మీరు రాసి వాళ్ళ పేరు పెట్టకండి, కోచ్‌లు ఇట్టే పసిగడతారు :) 1600, 3200 ట్రాక్ టైములు, ఏ మీట్‌లో, ఏ తేదీన వచ్చాయో, స్కూల్లో మార్కులు, ఏ సంవత్సరం పాసవుతారో రాస్తే చాలు. కాలేజీ వెబ్‌సైటులో రిక్రూట్ ఫారం ఉంటుంది, అదీ నింపాలి. డివిజన్ వన్ కోచ్‌లు పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచి తామే పలకరించొచ్చు, ఆ లోపు జవాబు రాలేదని కంగారుపడక్కర్లేదు. పెద్ద ప్రోగ్రాముల్లో అబ్బాయిలకి 1600 మీటర్లు 4 నిమిషాల 10-15 సెకన్ల దగ్గర ఉంటేగానీ ముచ్చట మొదలవదు. ఐదు కిలోమీటర్లు పదహారున్నర అన్నది మంచి పరుగే గానీ ఆ స్థాయి కాదు. డివిజన్ త్రీలో పరుగు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్పే ఉండదు. ఐవీ లీగ్‌లోనూ ఉండదు గానీ అక్కడ కోచ్ మాట అడ్మిషన్ ఆఫీసులో పనిచేస్తుంది. మనవాళ్ళ కన్ను ఉన్నది దాని మీదేనని వేరే చెప్పాలా!

ఇంకొక్క సంగతి. 2025 జూన్‌లో హౌస్ కేసు ఒప్పందాన్ని కోర్టు ఆమోదించింది. అంతకుముందు అబ్బాయిల క్రాస్ కంట్రీ, ట్రాక్ రెంటికీ కలిపి ఒక్కో కాలేజీకి 12.6 స్కాలర్‌షిప్పులు, అమ్మాయిలకి 18. ఇప్పుడా పరిమితి పోయి, ఒప్పందంలో చేరిన కాలేజీల్లో జట్టు సైజు మీద పరిమితి వచ్చింది. క్రాస్ కంట్రీకి 17 మంది, ట్రాక్‌కి 45. స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో ఓ మూల చేరి, నెమ్మదిగా ఎదిగే పిల్లలకే దెబ్బ. మన పిల్లల్లో ఎక్కువమంది ఆ రకమే.

సరే, మన దేశానికి వద్దాం. ఇక్కడ దూరపు పరుగుకి ఎంపిక ఎలా జరిగేదో తెలియాలంటే మన సికింద్రాబాదుకే వెళ్ళాలి. 1950ల మొదట్లో మిల్ఖా సింగ్ ఆర్మీలో చేరి ఈ.ఎం.ఈ. సెంటర్లో ఉన్నాడు. దేశవిభజనలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్నవాడు. కొత్త జవాన్లకి ఓ దూరపు పరుగు పందెం పెట్టారు. మొదటి పదిమందిలో వస్తే అదనంగా శిక్షణ, రోజూ ఇంకో గ్లాసు పాలు. మిల్ఖా ఆరోవాడిగా వచ్చాడు. ఆ గ్లాసు పాలే మన దేశపు అథ్లెటిక్ స్కాలర్‌షిప్! నవ్వుకోకండి, ఇది వెక్కిరింత కాదు. ఆకలితో ఉన్న మనిషికి తిండి పెట్టి పరిగెత్తించిన ఏకైక సంస్థ చాలాకాలం పాటు పటాలమే. 1978లో మారథాన్ 2 గంటల 12 నిమిషాల్లో ముగించిన శివనాథ్ సింగ్ సైనికుడు. మూడు ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరిగెత్తిన శ్రీరామ్ సింగ్ సైనికుడు. ఈ తరంలో 2022 కామన్‌వెల్త్ క్రీడల్లో 8 నిమిషాల 11.20 సెకన్లతో స్టీపుల్‌చేజ్ వెండి పతకం తెచ్చిన అవినాశ్ సాబ్లే కూడా అంతే. బీడ్ జిల్లాలో ఇటుక బట్టీల్లో పనిచేసే కుటుంబం. పన్నెండో తరగతి అయ్యాక మహర్ రెజిమెంట్లో చేరాడు, సియాచిన్‌లో కాపలా కాశాడు. పోటీ పరుగు మొదలుపెట్టింది 2015లో, ఇరవయ్యో ఏట దాటాక. అతనికి పదహారో ఏట ఏ కాలేజీయో దొరికి ఉంటే? నాకు తెలీదు, ఎవరికీ తెలీదు.

పటాలం ఎంపికలో ఒక చిక్కుంది. దానికి కావాల్సింది సైనికుడు, రన్నర్ కాదు. ఏళ్ళ తరబడి ఆర్మీ ర్యాలీల్లో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో పరిగెత్తితే 60 మార్కులు, పూర్తి మార్కులు. మన రాష్ట్రంలో కానిస్టేబుల్‌కైతే 1600 మీటర్లకి 8 నిమిషాలిస్తారు. 4:20కి రాగల కుర్రాడికీ, 5:29కి వచ్చినవాడికీ మార్కులు ఒకటే. కటాఫ్ దాటాక ఇక తేడా చూడని పరీక్ష అది. ప్రతిభని కొలిచే పరికరం కాదు, జల్లెడ. ఏజెన్సీలో పోలీసులు యువతకి ఈ పరుగుల్లో శిక్షణ ఇవ్వడం, వాలీబాల్ పోటీలు పెట్టడం మామూలే. మంచిదే. కానీ తెల్లారుజామున రోడ్డు మీద పరిగెత్తే కుర్రాడికి గమ్యం అక్కడికే ఆగిపోతుంది, ఉద్యోగం రాగానే పరుగు ఆగిపోతుంది.

2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చాక లెక్క ఇంకా మారింది. పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి మధ్య చేరాలి, నాలుగేళ్ళు ఉండాలి, తర్వాత నూటికి పాతిక మందినే ఉంచుకుంటారు. నాలుగేళ్ళు! అమెరికా కాలేజీలో ఒక రన్నర్ పోటీపడేదీ సరిగ్గా నాలుగు సీజన్లే, అదే వయసులోనే. అక్కడివాడు డిగ్రీతో బయటికొస్తాడు. ఇక్కడివాడు సేవానిధి డబ్బులతో, ఇంటర్ చదువుతో ఊరికొస్తాడు. తప్పొప్పులు తేల్చడం నా పని కాదు. కొయ్యూరు కుర్రాడు ఈ రెండో దారిలోకి వెళ్ళేది ఇష్టపడి కాదు, మొదటి దారి ఒకటుందని ఎవరూ చెప్పక.

అయితే మన దేశంలో కాలేజీ దారి లేనేలేదా అంటే, ఉంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. 2010 నవంబర్, గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలు, ఆడవాళ్ళ 10000 మీటర్లు. బంగారం ప్రీజా శ్రీధరన్, 31:50.47. వెండి కవితా రౌత్, 31:51.44. పాతిక రౌండ్లు పరిగెత్తాక ఇద్దరి మధ్యా ఒక్క సెకను లేదు. ఇద్దరూ మనవాళ్ళే, ఇద్దరూ కొండప్రాంతపు పేదింటి పిల్లలే.

ప్రీజాది కేరళ ఇడుక్కి కొండల్లో రాజక్కాడ్ దగ్గర. చిన్నప్పుడే తండ్రి పోయాడు. అన్న వడ్రంగం పనిచేసి ఇల్లు నడిపాడు. ఆమెని తీసుకున్నది పాలాలోని ఆల్ఫోన్సా కాలేజీ. అక్కడ కోచ్ తంగచ్చన్ మాథ్యూ. కేరళలో ఈ పద్ధతి అప్పటికే నలిగిన దారి. 1976లో కణ్ణూరులో ఆడపిల్లల స్పోర్ట్స్ డివిజన్ పెట్టారు, పి.టి. ఉష ఆ మొదటి బ్యాచ్ పిల్ల. స్కూలు దశ దాటగానే పిల్లని అందుకోవడానికి కాలేజీలుండేవి. పాలా, చంగనాశ్శేరి, కోతమంగలం, ఇలా చిన్న ఊళ్ళలో కాలేజీలు హాస్టలు పెట్టి, కోచ్‌ని పెట్టి, బాగా పరిగెత్తే పిల్ల కోసం ఒకదానితో ఒకటి పోటీపడేవి. యూనివర్సిటీ ట్రోఫీ వస్తే కాలేజీకి పేరు, పేరొస్తే పిల్లల చేరిక. పాలాలో ఉన్నది స్టాన్‌ఫర్డ్ డబ్బు కాదు. ఒక హాస్టలు మెస్సు, ఒక కోచ్ జీతం, అంతే. ఆ తర్వాత ప్రీజాకి రైల్వే ఉద్యోగం.

కవితది నాసిక్ జిల్లా సావర్‌పాడా, ఆదివాసీ పల్లె. సావర్‌పాడా ఎక్స్‌ప్రెస్ అని పిలుస్తారు. నాసిక్‌లో విజేందర్ సింగ్ అనే కోచ్ చేతిలో పడింది. అదే ఏడాది ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో 10000లో కాంస్యం తెచ్చింది, ఆ క్రీడల ట్రాక్ మీద మన దేశపు ఆడవాళ్ళకి వచ్చిన తొలి వ్యక్తిగత పతకం. ఆమె వెనకున్నది ఒక్క మనిషి పట్టుదల. కోచ్ నాసిక్‌లో కాక ఇంకెక్కడో ఉండి ఉంటే సావర్‌పాడా నుంచి బండి కదిలేదే కాదు. ప్రీజా వెనక ఉన్నది ఒక ఏర్పాటు. ఆ ఏడాది ప్రీజా కాకపోతే ఇంకో పిల్ల అదే హాస్టల్లో అదే మంచం మీద ఉండేది. కొయ్యూరుకి ఏది కావాలో నాకైతే అనుమానం లేదు.

"మన కొండపిల్లలకి పుట్టుకతోనే స్టామినా ఉంటుందండీ, ఆ గాలే వేరు" అనే మాట వింటుంటాం. ఈ మాట వెనకాల ఓ పాత పథకముంది. 1980ల్లో భారత క్రీడా ప్రాధికార సంస్థ, అదే శాయ్, కొండ, గిరిజన, తీర ప్రాంతాల్లో సహజ ప్రతిభ వెతకడానికి స్పెషల్ ఏరియా గేమ్స్ అని మొదలుపెట్టింది. విలువిద్యలో లింబారామ్ అలా దొరికినవాడే. 1987లో మార్గరెట్ ఆల్వా మంత్రిగా ఉన్నప్పుడు ఆఫ్రికా మూలాలున్న సిద్దీ పిల్లల్ని ఏరి పరుగు నేర్పించారు. సిద్దీలంటే ఎవరో కాదు, మన హైదరాబాదు ఏసీ గార్డ్స్ పేరులో ఉన్న ఆఫ్రికన్ కావల్రీ వాళ్ళ బంధువులే. పతకాలు మొదలవుతున్న సమయంలో, 1993లో ఆ పథకాన్ని ఎత్తేశారు. పిల్లలు ఇళ్ళకెళ్ళిపోయారు. రక్తంలో పరుగుందని నమ్మినవాళ్ళకి ఓపిక తక్కువ. పతకాలు వాటంతటవే రావాలి కదా, రాకపోతే మూసేస్తారు.

గాలి సంగతీ అంతే. కెన్యాలో రన్నర్ల ఊరు ఇటెన్ సుమారు 2400 మీటర్ల ఎత్తున ఉంది. మన అరకు, లంబసింగి వెయ్యి మీటర్ల దగ్గర. కొయ్యూరు ఇంకా కిందన, లోయలో. ఆ ఎత్తుకి రక్తంలో పెద్ద మార్పేమీ రాదు, అందుకే మన దూరపు పరుగు జట్లు ఊటీ పోతాయి. కొయ్యూరు పిల్లల బలమల్లా చిన్నప్పట్నించీ నడక, ఎక్కుడు దిగుడు. అది తక్కువేం కాదు. కానీ దాన్ని పదిహేనో ఏట నుంచి ఇరవై రెండు దాకా జాగ్రత్తగా పెంచాలి.

మన రాష్ట్రం తెగేది సరిగ్గా ఆ పదిహేనో ఏటనే. చిన్నపిల్లల్ని పట్టుకోవడం మనకి బాగానే వచ్చు. 1993లో హకీంపేటలో స్పోర్ట్స్ స్కూలు పెట్టారు. నాలుగో తరగతిలోనే పరీక్ష. 30 మీటర్ల పరుగు, షటిల్ రన్, నిలబడి దూకడం, మెడిసిన్ బాల్, 800 మీటర్లు. కడపలోనూ స్పోర్ట్స్ స్కూలు వచ్చింది. తర్వాత ఇంటర్ వస్తుంది. మీరూ నేనూ ఏమయ్యామో గుర్తుందిగా? నేను చదివిన జూనియర్ కాలేజీలో (పేరెందుకు లెండి) గ్రౌండంటే జనరేటరుకీ, సైకిల్ స్టాండుకీ మధ్య జాగా. పొద్దున్న ఆరింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్. దూరపు రన్నర్ తయారయ్యే రెండు ముఖ్యమైన సంవత్సరాల్ని మన వ్యవస్థ ఎంసెట్‌కి రాసిచ్చేసింది. మన పరిశ్రమ మొత్తం ఆ రెండేళ్ళ మీదే కట్టారు కాబట్టి మనం గొణగడానికి కూడా ఆలోచించాలి.

ఇంజనీరింగ్ సీట్లలో స్పోర్ట్స్ కోటా ఎంతనుకున్నారు? అర శాతం. రెండొందల సీట్లకి ఒకటి. అదీ ఎలా పంచుతారో కాస్త లెక్కేసి చూడండి. ఒక కబడ్డీ జట్టు జాతీయ స్థాయిలో గెలిస్తే పన్నెండు సర్టిఫికెట్లు. 3000 మీటర్ల పరుగులో గెలిస్తే, దేశం మొత్తానికి మూడు. అర శాతం క్యూలో దూరపు రన్నర్ ముందుకి రావడం ఎంత కష్టమో కోడ్ రాయకుండానే తేలిపోతుంది.

మనవాళ్ళు పైకి రాలేదా అంటే వచ్చారు. విశాఖ పిల్ల జ్యోతి యర్రాజీ హకీంపేట, గుంటూరు తిరిగి చివరికి భువనేశ్వర్‌లో స్థిరపడ్డాక 2023లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయింది. 2020 జనవరిలో నాగార్జున యూనివర్సిటీ తరఫున మూడబిద్రిలో 13.03 సెకన్లు పరిగెత్తింది, అప్పటి జాతీయ రికార్డు కంటే మెరుగు. డోప్ పరీక్ష వగైరా లాంఛనాలు జరగలేదని ఆ రికార్డు లెక్కలోకి రాలేదు. మన విశ్వవిద్యాలయాల పోటీలు ఏ తీరున జరుగుతాయో ఈ ఒక్క సంగతి చెప్తుంది. ఇటు తెలంగాణలో అగసర నందిని సాంఘిక సంక్షేమ గురుకుల స్కూల్లో చదివి, అదే సంస్థ డిగ్రీ కాలేజీలో చేరి, 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం తెచ్చింది. స్కూలు వదిలిన చేతిని అదే సంస్థ కాలేజీ పట్టుకుంది. కేరళ పద్ధతికి మన దగ్గర నాకు కనిపించిన దగ్గర చుట్టం ఇదే. పాడేరు ఐటీడీఏ కింద ఉన్న ఊళ్ళకి గిరిజన గురుకులాలున్నాయి, హాస్టళ్ళున్నాయి, మెస్సులున్నాయి. లేనిది ఇంటర్ నుంచి డిగ్రీ దాకా ఉండే ఒక దూరపు పరుగు కోచ్.

అది వచ్చేదాకా ఆ కుర్రాడికి నేనిచ్చే జవాబు ఇది. మూడబిద్రి పేరు పైన వచ్చింది కదా, మంగుళూరు దగ్గర చిన్న ఊరు. అక్కడ ఆళ్వాస్ విద్యాసంస్థ దేశం నలుమూలల నుంచి పరుగు పిల్లల్ని తెచ్చుకుని ఉచితంగా చదువు, వసతి ఇస్తుంది. మంగుళూరు యూనివర్సిటీ అన్నేళ్ళపాటు అంతర్ విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్‌లో గెలిచింది ముఖ్యంగా వాళ్ళ బలంతోనే. పంజాబ్‌లో పెద్ద ప్రైవేటు యూనివర్సిటీలు, భువనేశ్వర్‌లో కిట్ కూడా ఆటగాళ్ళని వెతుకుతాయి. చదువులో మరీ చురుకైతే ఐఐటీ మద్రాసు 2024-25 నుంచి క్రీడాకారులకి ప్రతి కోర్సులో రెండు అదనపు సీట్లు పెట్టింది, ఒకటి అమ్మాయిలకే. కాకపోతే జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు లిస్టులో పేరుండాలి.

కాగితాల సంగతి వాడికి ఎవరూ చెప్పరు కాబట్టి చెప్పాలి. కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో స్కూల్ జాతీయ పోటీలకి నాలుగో నంబరు ఫారం, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి మూడో నంబరు, రాష్ట్రం తరఫున ఆడితే రెండు, దేశం తరఫున అయితే ఒకటి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాని 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. అంటే డిగ్రీలో మూడేళ్ళు పరిగెత్తి యూనివర్సిటీ పతకం తెచ్చుకున్నవాడికి రైల్వేలోనో, పోలీసులోనో ఉద్యోగం అప్పుడూ దొరుకుతుంది, చేతిలో డిగ్రీతో. పదిహేడున్నరకే ర్యాలీకి పరిగెత్తక్కర్లేదు. పాతికేళ్ళ లోపు దాకా యూనివర్సిటీ పోటీలకి అర్హత ఉంటుంది.

ఇక ఉత్తరం. ఇంగ్లీషులో ఒక్క పేజీ చాలు. పుట్టిన తేదీ, జనన ధ్రువపత్రం నకలు (వయసు దొంగలెక్కల వల్ల కోచ్‌లు ముందు అడిగేది ఇదే). 1500, 3000 టైములు, ఏ పోటీలో, ఏ తేదీన, చేతి గడియారమా, ఎలక్ట్రానిక్ టైమింగా. పదో తరగతి మార్కుల మెమో. పీఈటీ మేష్టారి ఫోన్ నంబరు, ఎందుకంటే ఇంట్లో ఫోన్‌కి సిగ్నల్ ఉండకపోవచ్చు. ఆ మేష్టారు ఒకరోజు నర్సీపట్నమో, విశాఖో తీసుకెళ్ళి సరైన ట్రాక్ మీద ఓ 3000 మీటర్లు పరిగెత్తించి టైము రాయాలి, రోడ్డు మీద పరిగెత్తిన లెక్క ఎవరూ నమ్మరు. పది పరీక్షలు అయిన వారంలోగా ఉత్తరం పోస్టులో పడాలి. జూన్ వచ్చేసరికి హాస్టల్ మంచాలు నిండిపోతాయి.